ఇంకొకరి కోటులో భూపాలపల్లి దాకా

జనగామ, మానుకోట, భూపాలపల్లి. ఈ మూడు ఊళ్ళకూ చూడటానికని వెళ్ళేవాళ్ళు తక్కువ. పెళ్ళో, పనో, పంచాయతీయో ఉంటే వెళ్తారు. నేను కోటు కోసం వెళ్ళాను.

మాది తెనాలి. బళ్ళో పిల్లల చేత వాలీబాల్ ఆడించి విజిల్ ఊదడం నా ఉద్యోగం. పాత జర్మనీ ఆటబట్టలు పోగేయడం నా పిచ్చి. రెండు జర్మనీలు ఒకటి కాకముందు అక్కడ తయారైన ఆటగాళ్ళ జిప్పు కోట్లు, బనీన్లు, నిక్కర్లు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. ఆ బీరువాని మా ఆవిడ ముట్టుకోదు. "చచ్చినోళ్ళ బట్టలు ఇంట్లో పెట్టుకుని మురిసిపోయే మనిషిని నిన్నే చూశాను" అంటుంది. చచ్చారో బతికున్నారో నీకేం తెలుసు అని నేను ఎగురుతాను. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, ప్రతి సెలవుల్లోనూ ఇలా ఏదో ఒక ఊరి మీద పడుతుంటాను. తయారుచేసిన కంపెనీ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే రేపటికి నకిలీలు దిగుతాయి.

ఈసారి పుష్యమాసం చలిలో బయల్దేరాను. జనగామలో పాత బట్టలు అమ్మే ఒక ముసలాయన ఫోన్‌లో ఫొటో పంపాడు. మానుకోటలో ఇంకొకడు ఇంకో ఫొటో పంపాడు. రెండూ చూసుకుని మూడో రోజుకి ఇంట్లో ఉంటానని మా ఆవిడకి మాటిచ్చాను.

జనగామ: వాపసొచ్చే కోటు

జనగామలో దిగగానే ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీ పల్చగా, వెల్లుల్లి ఘాటుతో బాగుంది. కారప్పొడి అడిగితే హోటలతను నన్ను పైకీ కిందికీ చూసి, "ఆంధ్ర సారా?" అని నవ్వాడు. అలవాటే కనక నేనూ నవ్వాను.

పాత బట్టలాయన్ని అందరూ చాచా అంటారు. ఓడల్లో మూటలుగా వచ్చే విదేశీ పాత బట్టలూ, ఊళ్ళమ్మట స్టీలు గిన్నెలిచ్చి ఆడవాళ్ళ దగ్గర మార్చుకొచ్చే పాత బట్టలూ ఆయన దగ్గరికి చేరతాయి. గుట్టల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నేను అడిగేలోపే పక్కన విడిగా పెట్టిన కోటు తీసి ఇచ్చాడు. ఇచ్చాడనడం కంటే వదిలించుకున్నాడనడం నయం.

నెమలికంఠం రంగు. చేతుల వెంట తెల్ల పట్టీలు. మెడ దగ్గర లేబుల్ అచ్చు వేసింది కాదు, నేసింది. దాని మీద పశ్చిమ జర్మనీ అని ఉంది. జిప్పు లాగి చూశాను, మెత్తగా జారింది, పాత లోహం బరువు తెలిసింది. లోపల చంకల దగ్గర కుట్టు చూశాను. ఈ మూడూ కుదిరితేనే నేను అసలుదని నమ్ముతాను. లేబుల్ ఒక్కటే చూసి కొనేవాడు మోసపోతాడు, ఎందుకంటే చిరిగిన అసలు కోటు లేబుల్ ఊడదీసి నకిలీకి కుట్టేవాళ్ళున్నారు. ఇది మూడుకి మూడూ కుదిరింది. నా జన్మలో ఇంత మంచి కోటు చేతిలోకి రాలేదు. ఆనందం ఆపుకోలేక చాచా భుజం తట్టాను.

ఒక్కటే లోపం. కాలరు మడతకింద, లేబుల్ వెనక, ఎర్రదారంతో ఎవరో చిన్న గవ్వ కుట్టారు. జర్మనీలో గవ్వలు కుట్టరు. ఇంటికెళ్ళాక బ్లేడుతో తీసేద్దాంలే అనుకున్నాను. జేబు మూలల్లో నల్లటి పొడి ఉంది, ఉతికినా పోయినట్టు లేదు. గోటితో గీరితే వేలికి బొగ్గులా అంటింది.

"ఎంత చాచా?"

"నీ ఇష్టమున్నంత ఇయ్యి సార్. నేను అబద్ధం జెప్ప. గిది ముగ్గురికి అమ్మిన. ముగ్గురు వాపస్ తెచ్చిన్రు."

"చిరిగిందా?"

"చినిగితె నేనే కుట్టిస్తుంటి. గది కాదు. తొడుక్కోని పోతుంటె ఎనకనుంచి ఎవలో పేరు పెట్టి పిలుస్తున్నరంట. మర్లి చూస్తె, పిలిచినోళ్లు మొఖం జూసి పరేషానయి పోతున్నరంట."

"ఏమని పిలుస్తున్నారు?"

"చెప్పలె సార్. చెప్పనీకె భయపడ్డరు. ముగ్గురు తొర్రూరు దిక్కోళ్లే."

అది ఎక్కడిదని అడిగాను. గిన్నెలమ్మే ఆమె ములుగు అవతలనుంచి తెచ్చిన మూటలో వచ్చిందన్నాడు. అనుమానం పెనుభూతం అంటారు, ఈ ముసలాయనకి అది పట్టింది అనుకున్నాను. మూడొందలు చేతిలో పెట్టాను. తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, కానీ కోటు వైపు మళ్ళీ చూడలేదు.

పెద్దవంగర: వెనకనుంచి పిలుపు

మర్నాడు పొద్దున తొర్రూరు బస్సెక్కాను. పాలకుర్తి దాటేసరికి చలి ఎముకల్లోకి దిగింది. సంచిలోంచి కోటు తీసి తొడుక్కున్నాను. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

కాసేపటికి నా వెనక సీట్లోంచి ఒక ఆడమనిషి, "భద్రన్నా, జర కిటికి మూయరాదె. సలి గొడుతుంది" అంది. నిద్రమత్తులో నేను కిటికీ మూసేశాను. మూసి వెనక్కి తిరిగి, సరేనా అన్నట్టు చూశాను. ఆమె నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తర్వాత స్టేజీలో దిగి పోయింది. ఆమె టికెట్ తొర్రూరుకే అని కండక్టరు గొణుక్కుంటుంటే విన్నాను.

చాచా మాట అప్పుడు గుర్తొచ్చి భయమేసింది. ఛ, బడి పిల్లలకి దయ్యాల్లేవని చెప్పేవాణ్ణి, నాకేమిటి ఇది అని నన్ను నేనే కసురుకున్నాను. కసురుకున్నంతమాత్రాన భయం పోదు కదా.

పెద్దవంగరలో బస్సు ఆగితే దిగి మిర్చీబజ్జీలు తీసుకున్నాను. ఇరవైకి నాలుగు. మావైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ పైన ఉల్లిగడ్డ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండుతారు. మొదటిది కొరికానో లేదో భుజం మీద చెయ్యి పడింది.

"ఓ భద్రూ! ఎన్నడొచ్చినవ్ రా కొడుకా!"

ఆ గొంతులో ఉన్న సంతోషం నేను చెప్పలేను. తిరిగాను. తలకి తెల్ల రుమాలు చుట్టుకున్న ముసలాయన. నా ముఖం చూడగానే ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. కాలు తడబడి బండిమీద పడబోతే పట్టుకున్నాను. బజ్జీల పొట్లం మట్టిలో పడింది.

"గీ కోటు నీకెక్కడిది సారూ?" అన్నాడు కాసేపటికి.

ఆయన పేరు రెడ్యా. నర్సింహులపేట అవతల ఒక లంబాడీ తండా వాళ్ళది. భద్రు ఆయన చెల్లెలి కొడుకు. ఎప్పుడో మూటల బట్టల్లో ఆ కోటు దొరికిందట, ఆ రోజునుంచీ ఎండాకాలం కూడా విప్పేవాడు కాదట. చుట్టుపక్కల ఏ ఊళ్ళో వాలీబాల్ పోటీ జరిగినా భద్రు ఆ కోటుతోనే దిగేవాడు. దూరంనుంచి ముఖం ఆనకపోయినా కోటు చూసి పిలిచేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక మేస్త్రీ కూలికి తీసుకెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఎవరు పిలుస్తున్నారో తెలిసింది. ఎందుకు భయపడుతున్నారో తెలిసింది. అయినా నాకు ధైర్యం రాలేదు, ఉన్నదీ జారిపోయింది. కోటు ఇక్కడుంది, మరి మనిషి ఏడీ?

"ఎక్కడికి తీసుకెళ్ళాడు మేస్త్రీ?"

"భూపాలపల్లికి. బొగ్గు గనుల కాడికి."

జేబుల మూలల్లో నల్లపొడి గుర్తొచ్చి కోటు విప్పేశాను.

నర్సింహులపేట తండా: మొరగని కుక్కలు

ఇంతా విని మానుకోట బస్సెక్కి పోయే మనిషిని కాను. రెడ్యా నన్ను వదిలేలానూ లేడు. తండాకి ఆటోలో వెళ్ళాం. కోటు మడిచి చంకలో పెట్టుకున్నాను. ఏ ఊళ్ళో అయినా కొత్త మనిషి అడుగుపెడితే కుక్కలు ఊరంతా లేపుతాయి. అక్కడ ఒక్కటీ మొరగలేదు. ఒక పండు ముసలి కుక్క లేచి వచ్చి, కోటుని వాసన చూసి, నా పక్కనే నడవడం మొదలుపెట్టింది. దాన్ని అదిలించడానికి నాకు చెయ్యి రాలేదు.

భద్రు భార్య సక్రి వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. నలభై దాటి ఉండవు. ఇప్పుడు తండాల్లో వయసులో ఉన్నవాళ్ళు చాలామంది మామూలు చీరలే కడుతున్నారు, ఆమె కూడా చీరే కట్టింది. కానీ చెంపల పక్కన జుట్టుకు పాతకాలపు వెండి కుచ్చులు వేలాడుతున్నాయి. రెడ్యా వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పాడు. ఆమె నా వైపు చూడనుకూడా చూడలేదు. కోటు తీసుకుంది, జిప్పూ లేబులూ ఏవీ చూడలేదు, బొటనవేలు నేరుగా కాలరు మడత కిందికి పోయింది.

"నా కుట్టే" అంది.

"పీకేద్దామనుకున్నానమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"పీకలె గద" అంది. అంతే.

జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టారు. రొట్టె అరచేతి మీదే తట్టి పెనం మీద వేసింది. మా ఇళ్ళలో దుఃఖం వస్తే పొయ్యి వెలగదు, పక్కింటివాళ్ళు వండి తెస్తారు. ఇక్కడ ఆమె నాకు రెండో రొట్టె కూడా వేసి, తర్వాతే మాట్లాడింది. ఏడవడానికి ఆమెకి ఇంకా అనుమతి రాలేదని నాకు తర్వాత అర్థమైంది.

ఆ వెండి కుచ్చుల గురించి రెడ్యా చెప్పాడు. "మొగడున్న ఆడోళ్లు పెట్టుకుంటరు సారూ. మొగడు పోతె తీస్తరు. గీమెది ఏందో ఎవలికి తెల్వదాయె. మేస్త్రీ ఏమన్నడంటె, గాడు ఎవతెనో తోల్కొని మహారాష్ట్ర పోయిండన్నడు. తండంత నమ్మింది. పెండ్లిలకు పిల్వాల్నా వద్దా అని పిలుసుడే మానేసిన్రు."

"నేను నమ్మలె" అంది సక్రి. "పోయేటోడు కోటు ఇడిసిపెట్టి పోతడా?"

తర్వాత నన్ను అడిగింది, కోటు అసలుదని నాకెలా తెలిసిందని. లేబులూ జిప్పూ కుట్టూ చూపించి, "ఒకటి కుదిరితే చాలదమ్మా, మూడూ ఒకే మాట చెప్పాలి" అన్నాను.

ఆమె చాలాసేపు మిరపకాయలవైపు చూసింది. "మనిషిక్కూడ గంతేనా సార్?"

నేను జిప్పు మూసేశాను.

"గిదొక్కటి చూసి నేను ఇవి తియ్య" అంది కుచ్చులు పట్టుకుని. "పోయిండంటె పోయిండని తెల్వాలె. ఉన్నడంటె ఉన్నడని తెల్వాలె. రేపు భూపాలపల్లికి నేనొస్త."

కోటు మడిచి నా చేతిలో పెట్టింది. నాకొద్దమ్మా, నువ్వే ఉంచుకో అన్నాను. "పైసలిచ్చి కొన్నవ్, నీదే" అంది. చాచాకి వాపసు తెచ్చినవాళ్ళు గుర్తొచ్చారు.

మానుకోట: నకిలీ

మర్నాడు ముగ్గురం మానుకోటలో కలుసుకున్నాం. కాగితాల మీద మహబూబాబాద్, మనుషుల నోట మానుకోట. మిర్చి సీజను, ఊరంతా ఘాటు. స్టేషన్‌రోడ్డులో ఎవరు తుమ్మినా ఇంకో నలుగురు తుమ్ముతారు. నా తుమ్ములకి రెడ్యా కూడా కాస్త నవ్వాడు.

బస్సుకి టైముంటే ఫొటో పంపినవాడి కొట్టుకి వెళ్ళాను. ఎర్ర బనీను. లేబుల్ మీద పశ్చిమ జర్మనీ అనే ఉంది, దాని పక్కనే బార్‌కోడ్ గీతల గుర్తు కూడా ఉంది. ఆ దేశం ఉన్న రోజుల్లో బట్టల లేబుళ్ళ మీద అలాంటి గుర్తులు నేనెన్నడూ చూడలేదు. కొట్టువాడితో గొడవ పడదామనుకున్నాను. మామూలుగా అయితే అరగంట పాఠం చెప్పేవాణ్ణి. గుమ్మంలో సక్రి నిలబడి నా ముఖమే చూస్తోంది.

"ఏమైంది సార్?"

"నకిలీ."

"చూడంగనే తెల్సిందా?"

"ఒక్క గుర్తు తప్పింది. చాలు."

ఆమె తల ఊపింది. ఆమె ముఖంలో ఆశ కనిపించింది నాకు. ఒక్క గుర్తు తప్పితే చాలు, అతను బతికున్నట్టే. దేవుడా, ఒక్కటి తప్పించు అని నేనూ మొక్కుకున్నాను.

భూపాలపల్లి: ఎవరూ పిలవని ఊరు

నర్సంపేట, ములుగు మీదుగా దారి. ములుగు దాటాక అడవి మొదలవుతుంది, టేకు ఆకులు చలికి మాడి బూడిదరంగులో ఉన్నాయి. సక్రి దారంతా కిటికీ పక్కన కూర్చుంది, ఏమీ తినలేదు. భూపాలపల్లి దగ్గరికొచ్చేసరికి దూరాన నల్లటి గుట్టలు కనిపించాయి. కొండలనుకున్నాను. గనుల్లోంచి తోడి పోసిన మట్టి అని రెడ్యా చెప్పాడు.

బస్సు దిగగానే సక్రి, "కోటు తొడుక్కో సార్" అంది.

ససేమిరా అన్నాను. ఇంకొకడి కోటు, అదీ ఇంత తెలిశాక, ఎలా తొడుక్కోను?

"నువ్వు ముంగట నడువ్. ఆయన్ని ఎరిగినోళ్లు కోటును గుర్తువడ్తరు. నేను ఎనక నుంచి వాళ్ల మొఖాలు చూస్త."

తొడుక్కున్నాను. అలా నడిచాను ఆ ఊళ్ళో, ముందు నేను, పదడుగుల వెనక అతని భార్య, ఆమె పక్కన మేనమామ. పట్టపగలు, ఎండ బాగా కాస్తోంది, లారీలు పోతున్నాయి. నా జీవితంలో అంత భయపడిన రోజు లేదు.

తొర్రూరు వైపు కోటు చూసినవాళ్ళు పిలిచారు. ఇక్కడ ఎవరూ పిలవలేదు. లారీల అడ్డా దగ్గర చుట్ట కాలుస్తున్న ఒకాయన నన్ను చూసి, చుట్ట కింద పడేసి లోపలికి పోయాడు. టైర్లకి పంక్చర్ వేసే అతను చేస్తున్న పని ఆపి, నేను దాటిపోయేదాకా తల దించుకునే ఉన్నాడు. అప్పుడే గనిలో మందుగుండు పేల్చారు, కాళ్ళకింద నేల వణికింది. నేను ఉలిక్కిపడ్డాను గానీ అక్కడివాళ్ళెవరూ కదల్లేదు. రోజూ ఈ వేళకి పేలుస్తారట.

అడ్డా చివర రేకుల టీ కొట్టు. పెద్దావిడ పాలు మరగబెడుతోంది. తలెత్తి నన్ను చూసింది. గంటె గిన్నెలో వదిలేసి రెండు చేతులూ జోడించింది.

"మల్లెందుకొచ్చినవ్ నాయినా? మంచిగనే సాగదోలితిమి గద."

నా వెనక సక్రి అడుగుల చప్పుడు ఆగిపోయింది.

కోటు గబగబా విప్పాను. "అక్కా, నేను అతను కాదు. కోటు కొనుక్కున్నాను" అన్నాను. ఆవిడ నన్నూ, నా వెనక ఉన్న సక్రినీ చూసింది. చూసి బెంచీ తుడిచి కూర్చోమంది.

లచ్చక్క చెప్పింది

లచ్చక్క ఆవిడ పేరు. రెండేళ్ళ కింద ఒక పొద్దున మేస్త్రీ ఎవరో లారీలోంచి జ్వరం మనిషిని దించి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పి పోయాడట. మళ్ళీ రాలేదు. మనిషి రెండు రోజులు ఆమె బెంచీ మీదే పడుకున్నాడు. జ్వరంలో ఏవో మాటలు, ఆమెకి అర్థం కాలేదు. దవాఖానకి తీసుకెళ్ళారు. మూడోరోజు పోయాడు. ఫోను లేదు, కాగితం లేదు. పోలీసులు ఫొటో తీసుకున్నారు, ఎవరూ రాలేదు. అడ్డావాళ్ళే తలా ఇంత వేసుకున్నారు.

"గీ కోటు తీసి తెల్లబట్ట కప్పిన్రు. కోటు కాటికాపరి పట్టుకపోయిండు. ఆయన హక్కు గద" అంది లచ్చక్క. అక్కణ్ణుంచి గిన్నెలామె మూటలోకి, జనగామకి, నా చేతికి. తీగ లాగితే డొంకంతా కదిలింది.

సక్రి నిలబడే ఉంది. "అవ్వా, కోటు ఇంకెవలన్న తొడుక్కోవచ్చు. ఇంకో గుర్తు చెప్పు" అంది.

లచ్చక్క ఆలోచించింది. "చాయ్ గ్లాసు పట్టుకుంటె చిటికెనేలు గిట్ల వంకర నిలవడేది. ఇరిగి మల్ల అతుకువడ్డట్టు."

వాలీబాల్ ఆడేవాళ్ళకి ఆ వేలు అలా విరగడం నాకు తెలుసు. నా ఎడమచేతి వేలూ అంతే. నేను ఆ చేతిని జేబులో పెట్టుకున్నాను. రెడ్యా కింద కూర్చుండిపోయాడు. సక్రి కూర్చోలేదు.

"ఇంకొకటి" అంది. నాకేసి ఒకసారి చూసి, "మూడు కావాలె" అంది.

"ఇంకేం యాద్కున్నది బిడ్డా... ఆ. సలి పెడ్తుంటె గూడ కోటు ఇప్పేది. లోపలిది పైకి తిప్పి మడిచి, కాలరు చెంపకింద పెట్టుకోని పండేది. వేసుకో నాయినా, సలిజరం అంటె ఇననే ఇనలె. గట్లనే పండి గట్లనే పోయిండు."

కాలరు కింద గవ్వ ఉందని అతనికీ ఆమెకీ తప్ప ఎవరికీ తెలీదు. సక్రి ముఖం చూడలేక నేను పొంగుతున్న పాలవైపు చూశాను. లచ్చక్క కూడా దించలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె మెల్లగా అడిగింది, "కాలబెట్టిన్రా, పాతిపెట్టిన్రా?"

"పాతిపెట్టినం బిడ్డా. కట్టెలకు యాడికెళ్లి తెస్తం?"

అప్పుడు అరిచింది సక్రి. అడ్డా అంతా ఇటు తిరిగేలా అరిచి, తల బాదుకుంటూ కూలబడింది. లచ్చక్క బిత్తరపోయింది. మంచిగా పూడ్చాం, పసుపు కూడా వేశాం, ఏం తప్పు చేశాం అని నన్ను అడిగింది. నాకూ అర్థం కాలేదు. రెడ్యా కళ్ళు తుడుచుకుని చెప్పాడు.

"మా దాంట్ల పెండ్లయినోళ్లను కాలబెడ్తరు సారూ. పెండ్లి కానోళ్లనే పాతిపెడ్తరు. ఆడదానికంటె ఒంటి మీద గుర్తులుంటయ్. మొగోనికి ఏముంటయ్? వీళ్లకెట్ల తెలుస్తది? పెండ్లాం లేనోని లెక్క పంపిచ్చిన్రు."

రెండేళ్ళు తండాలో ఆమెని మొగుడు వదిలేసినదాన్ని చేశారు. ఇక్కడ మట్టిలో అసలు పెళ్ళామే కానిదాన్ని చేశారు. పాతిపెట్టినవాళ్ళ తప్పూ లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు, ఎవరిమీద మండాలో తెలియక మేస్త్రీని నోటికొచ్చినట్టు తిట్టాను.

నల్లగుట్టల కింద

ఆ రాత్రికి లచ్చక్క ఇంట్లో వాళ్ళిద్దరూ, బస్టాండు దగ్గర లాడ్జిలో నేనూ ఉన్నాం. పొద్దున్నే లచ్చక్క శ్మశానానికి తీసుకెళ్ళింది. మట్టిగుట్టల కింద ఎర్రనేల, తుమ్మచెట్లు, అక్కడక్కడ రాళ్ళు. మంచు ఇంకా విడవలేదు. రాయి గుర్తుపట్టి చూపించింది. దాని మీద ఏమీ లేదు.

తవ్వి తీయడం కుదరదని రెడ్యా ముందే అన్నాడు. మనిషి దొరకనప్పుడు మనిషి గుడ్డ కాలబెట్టొచ్చని పెద్దలు చెప్పేవారట.

సక్రి నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. "సార్. ఇప్పుడు ఇయ్యి."

నిజం రాస్తాను. సంచిలో పెట్టిన నా చెయ్యి వెంటనే బయటికి రాలేదు. ఆ నేసిన లేబుల్, ఆ జిప్పు, అలాంటిది నాకు మళ్ళీ దొరకదు. ఆమె తొందరపెట్టలేదు, చెయ్యి అలాగే చాపి ఉంచింది. ఇచ్చేశాను. డబ్బుల కోసం కొంగుముడి విప్పబోతే, చాలించమ్మా అని కసిరాను. గట్టిగా కసరకపోతే ఏడ్చేవాణ్ణి.

రెడ్యా తుమ్మకంపలు పేర్చాడు. కాలరు కింద గవ్వ తీసి ఇంట్లో ఉంచుకొమ్మన్నాడు. "ఉండనియ్ మామా" అంది. కోటుని లోపలిది పైకి తిప్పి, మడిచి, కంపల మీద తనే పెట్టింది. ముట్టించడం రెడ్యా చేశాడు.

అలాంటి బట్ట మండదు, కరుగుతుంది. నల్లటి పొగ లేచి, కమురు వాసన కొట్టింది. కోటు చేతులు రెండూ ముడుచుకుపోయి ఛాతీ మీదికొచ్చాయి. నేను మొహం తిప్పుకున్నాను. సక్రి తిప్పుకోలేదు. చివరికి జిప్పు పళ్ళు మాత్రం బూడిదలో గీతలా మిగిలాయి.

ఆమె చెంపల పక్కన కుచ్చులు చేత్తో తడుముకుని, "ఇంటికి పోయినంక తీస్త. తండంత చూస్తుండంగ తీస్త" అంది రెడ్యాతో. గొంతులో వణుకు లేదు. ఏదో గెలుచుకొచ్చినట్టుంది. అలా అనిపించినందుకు నాకు నామీద కోపమొచ్చింది, అయినా అనిపించింది.

వెళ్ళబోతుంటే లచ్చక్క ఆపింది. మట్టి అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ మొహమాటంగా అడిగింది. "బిడ్డా, యాడాదికొకసారి దసరకు ఈడున్నోళ్లందరికి దీపం పెడ్త. అందరికి పేరు జెప్పి పెడ్త. గీయనకే పేరు లేక ఉత్తగ పెడ్తున్న. ఏమని చెప్పాలె?"

సక్రి రెడ్యా వైపు చూసింది. వాళ్ళలో ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరట. చెప్పమన్నట్టు ఆయన వైపే చూస్తుంటే, ఆయన రుమాలు విప్పి మొహం కప్పుకున్నాడు. సక్రి కొంగు తలమీదికి లాక్కుని రాయివైపు తిరిగింది.

"భద్రు" అంది గట్టిగా. "పెండ్లయింది."